తోడు పెట్టిన ఊరు

మేము వాటర్‌టౌన్‌లో కాపురం పెట్టింది 1998 జనవరిలో. ఆ చలికి పెరుగు తోడుకునేది కాదు. పాలు కాచి, చల్లార్చి, దుకాణంలో కొన్న పెరుగు ఒక చెంచా కలిపి వంటగట్టు మీద పెట్టి పడుకుంటే, తెల్లారి చూసేసరికి పాలు పాలలాగే ఉండేవి. నాలుగో రోజూ అలాగే అయ్యేసరికి ఏడుపొచ్చింది. ఆ గిన్నె పట్టుకుని నిలబడి ఉండగా, కింది వాటాలో ఉండే ఇంటావిడ అద్దె సంగతి మాట్లాడడానికి పైకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. గిన్నెలోకి ఒకసారి, నా ముఖంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్లి ఒక గాజు సీసాతో తిరిగి వచ్చింది. సీసా నా ముందు పెట్టి, "మాద్జూన్" అంది. చూస్తే గడ్డపెరుగు.

పాలు మళ్లీ కాచమంది. వేడి కాస్త తగ్గాక చిటికెన వేలు పాలలో ముంచి, తన భాషలో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టింది. పది దాకా వేలు ఓర్చుకోగలిగితే అదే సరైన వేడి. సీసాలోంచి రెండు చెంచాలు వేసి కలిపి, మూత పెట్టి, తువ్వాలు చుట్టి, దాని మీద పాత ఉన్ని దుప్పటి చుట్టి, వెలిగించని ఓవెన్‌లోకి నెట్టింది. మనం తోడు అనేదాన్ని వాళ్లు మగార్త్ అంటారు. మా అమ్మమ్మ ఒంగోలులో ధనుర్మాసం వస్తే పెరుగు గిన్నెని బియ్యపు డబ్బాలో దాచేది. దుప్పటి అంచులు లోపలికి దోపుతున్న ఆ చేతుల్ని చూస్తుంటే మా అమ్మమ్మ చేతులే గుర్తుకొచ్చాయి. మర్నాటి పొద్దున గిన్నె వంచినా పెరుగు కదల్లేదు.

ఆవిడ ఆర్మీనియన్. పుట్టిందీ పెరిగిందీ ఈ వీధిలోనే. ఈ ఊరి చరిత్ర మీద నాకు మనసు పడింది ఆవిడ మాటల వల్లే. ఆ తర్వాత లైబ్రరీలు, మ్యూజియం, చర్చి మెట్లు, రొట్టెల దుకాణాలు పట్టుకుని తిరిగాను. తెలిసినంత రాసి పెట్టాలని చాన్నాళ్లుగా ఉంది.

వాటర్‌టౌన్ బోస్టన్‌కి పడమట, చార్లెస్ నది ఒడ్డున, నాలుగు చదరపు మైళ్ల ఊరు. 1630లో ఇంగ్లండు నుంచి వచ్చిన ప్యూరిటన్లు కట్టుకున్నది. ఆ కథ ఎన్ని పుస్తకాల్లోనైనా దొరుకుతుంది. నాది ఊరి తూర్పు వైపు కథ. హార్వర్డ్ స్క్వేర్ దగ్గర 71వ నంబరు బస్సెక్కి మౌంట్ ఆబర్న్ వీధి వెంట వస్తే, పెద్ద శ్మశానవాటిక దాటాక, కూలిడ్జ్ స్క్వేర్ చుట్టుపక్కల బోర్డుల మీద అక్షరాలు మారతాయి. గుర్రపు నాడాల్లా వంగిన అక్షరాలు. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి ఆ లిపిని కూర్చాడు. చర్చిలో ఆయనను పరిశుద్ధుడిగా కొలుస్తారు. అక్షరాలు కూర్చినవాణ్ని దేవుడి పక్కన నిలబెట్టుకున్న జాతి అని తెలిసిన రోజున నాకు వాళ్ల మీద గౌరవం ఇంకో మెట్టు పెరిగింది.

వాళ్లని ఈ వీధులకి రప్పించింది రబ్బరు. 1896లో హుడ్ సోదరులు ఇక్కడ హుడ్ రబ్బర్ కంపెనీ పెట్టారు. మంచులో తొడుక్కునే రబ్బరు బూట్లు, కాన్వాసు జోళ్లు, తర్వాత టైర్లు. వేలమంది పనిచేసిన ఫ్యాక్టరీ. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, చేతిలో ఒడుపుంటే చాలు. ఆడవాళ్లకీ పని దొరికేది. నికొల్స్ అవెన్యూ, డెక్స్టర్ అవెన్యూ, బిగెలో అవెన్యూ, ఎల్టన్ అవెన్యూ, అన్నీ ఫ్యాక్టరీకి నడిచి వెళ్లగల దూరంలోనే ఉన్నాయి. నలుగురు మగవాళ్లు ఒక గదిలో సర్దుకుని కూడబెట్టిన డబ్బుతో రెండు వాటాల ఇల్లు కొనడం, ఒక వాటాలో ఉంటూ రెండో వాటా అద్దెకివ్వడం, ఆ అద్దెతో అప్పు తీర్చడం. మేమున్న ఇల్లూ అలా వచ్చిందే. మా ఇంటావిడ తల్లి హుడ్‌లో బూట్లకి అడుగుభాగాలు అంటించేది. రాత్రి వచ్చి ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా ఆ జిగురు వాసన పోయేది కాదట. "మా అమ్మ వాసన ఏమిటని అడిగితే నేను రబ్బరనే చెబుతాను, హోకీస్" అంది ఒకసారి. హోకీస్ అంటే నా ప్రాణమా అని. నేను ఆవిణ్ని దిగిన్ అనేదాన్ని. మనం అమ్మగారూ అన్నట్టు.

అసలు వాళ్లు ఊళ్లు ఎందుకు వదిలారు? మొదట్లో వచ్చినవాళ్లు వదిలేసి రాలేదు. నాలుగు డబ్బులు సంపాదించుకుని తిరిగి వెళ్దామనే వచ్చారు. ఆటోమన్ తుర్కీ రాజ్యంలో ఖర్‌పెర్త్ అనే చోట, దాని చుట్టూ ఉన్న మైదానంలోని పల్లెల్లో, పెద్ద కొడుకుని అమెరికా పంపడం 1880ల నాటికే మొదలైంది. ముందు వుస్టర్‌లోని తీగల మిల్లులకి, అక్కణ్నించి లిన్, లోవెల్, వాటర్‌టౌన్. అమెరికాలో తొలి ఆర్మీనియన్ చర్చి 1891లో వుస్టర్‌లోనే వెలిసింది. పరాయి దేశంలో కూలి చేసుకునేవాణ్ని వాళ్ల భాషలో పందుఖ్త్ అంటారు. దుబాయికీ కువైత్‌కీ మగవాళ్లని పంపిన మన కడప, కరీంనగర్ ఊళ్ల ఇళ్లలో ఆ మాటకి అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

బోస్టనే ఎందుకన్నదానికి ఇంకో కారణం ఉంది, అది మా ఒంగోలు దాకా వస్తుంది. ఖర్‌పెర్త్‌లో బడులూ కాలేజీ పెట్టిన మిషనరీ సంస్థ అమెరికన్ బోర్డు బోస్టన్‌ది. ఆ బడుల్లో చదివిన పిల్లలకి లండన్, పారిస్ కన్నా ముందు బోస్టన్ పేరు తెలిసేది. అదే బోస్టన్ నుంచి ఇంకో శాఖవాళ్లు, బాప్టిస్టులు, 1840లో నెల్లూరుకీ ఆ తర్వాత ఒంగోలుకీ మనుషుల్ని పంపారు. అలా వచ్చినవాళ్లలో క్లౌ దొర అంటే మా వైపు తెలియనివాళ్లు ఉండరు. ఆయనకి జీతం వెళ్లిందీ ఈ నగరం నుంచే. చిన్నప్పుడు ఆ మిషన్ బడి గంట విన్న ఊళ్లోనే పెరిగి, ఆ గంటకి డబ్బు పంపిన ఊరి పక్కనే కాపురముంటున్నానని తెలిసి ఆ రోజు చాలాసేపు మౌనంగా కూర్చుండిపోయాను.

1894 నుంచి 1896 దాకా సుల్తాన్ అబ్దుల్ హమీద్ ఏలుబడిలో మారణకాండ జరిగింది. అప్పటి నుంచీ వలస పెరిగింది. ఇక 1915. ఆ ఏడు ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో కవుల్నీ, పత్రికలవాళ్లనీ, పెద్దల్నీ పట్టుకుపోయారు. తర్వాత ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించి సిరియా ఎడారి వైపు నడిపించారు. హుడ్ ఫ్యాక్టరీలో బూట్లు అంటిస్తూ నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్న మగవాళ్లకి, పంపడానికి ఇల్లు లేకుండా పోయింది. భార్యలు లేరు, పిల్లలు లేరు, ఊరే లేదు. వాటర్‌టౌన్ ఆర్మీనియన్ల చరిత్ర అంతా ఈ ఒక్క మలుపు మీద నిలబడి ఉందని నేను అనుకుంటాను. ఏడెనిమిదేళ్లు ఉండి వెళ్దామని అద్దెకి తీసుకున్న గది రాత్రికి రాత్రి స్వస్థలం అయిపోయింది.

మా ఇంటావిడ తల్లిది ఖర్‌పెర్త్ పక్కన హుసేనిగ్ అనే పల్లె. నడకలో అందరినీ పోగొట్టుకుని అలెప్పోలో అనాథాశ్రమం చేరింది. అక్కణ్నించి ఒక ఫొటో వాటర్‌టౌన్ వచ్చింది, ఇక్కణ్నించి ఒక ఫొటో అలెప్పో వెళ్లింది. అలా కుదిరిన పెళ్లి. అప్పట్లో అలాంటి పెళ్లిళ్లు చాలా జరిగాయి. పెళ్లికొడుకుకి ఆమెకన్నా పద్దెనిమిదేళ్లు ఎక్కువ. "మా అమ్మా నాన్నా మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు. ఇద్దరిదీ ఒకే ఊరు. ఏం మాట్లాడినా చివరికి అక్కడికే పోతుంది కదా" అంది ఆవిడ.

1920లో డెక్స్టర్ అవెన్యూలో అక్క ఇంటికి ఒక కుర్రవాడు వచ్చి చేరాడు. వాన్ సరస్సు ఒడ్డున ఖోర్‌కొమ్ అనే పల్లెలో పుట్టినవాడు. తల్లి 1919లో యెరెవాన్‌లో ఆకలితో చనిపోయింది. పేరు వొస్తానిగ్ అదోయన్. అతనూ హుడ్‌లో పనికి చేరాడు. పని మానేసి దొరికినదాని మీదల్లా బొమ్మలు గీస్తున్నాడని తీసేశారని చెబుతారు. తర్వాత బోస్టన్‌లో చిత్రకళ నేర్చుకుని, న్యూయార్క్ వెళ్లి, అర్షీల్ గోర్కీ అని పేరు మార్చుకున్నాడు. అమెరికా చిత్రకళ చరిత్ర రాసేవాళ్లెవరూ ఆ పేరు దాటి పోలేరు. అతని దగ్గర 1912లో వాన్‌లో తీయించుకున్న ఫొటో ఒకటి ఉండేది. తల్లి కుర్చీలో కూర్చుని ఉంటుంది, పక్కన పూలు పట్టుకుని పిల్లవాడు. అమెరికాలో ఉన్న తండ్రికి పంపడానికి తీయించిన ఫొటో. దాన్నే ముందు పెట్టుకుని ఏళ్ల తరబడి రెండు పెద్ద చిత్రాలు వేశాడు. ఒకటి న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో, ఇంకోటి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. విట్నీలో నేను చూశాను. తల్లి చేతులు తెల్లగా, వేళ్లు లేకుండా, పిండి ముద్దల్లా వదిలేశాడు. రంగులు మళ్లీ మళ్లీ వేసి గీకిన బొమ్మ. ఆ చేతుల ముందు నిలబడితే నాకు డెక్స్టర్ అవెన్యూ కనబడింది, బట్టలు ఆరేసిన వరండాలతో సహా.

వచ్చినవాళ్లని ఈ దేశం రానిచ్చింది గానీ, పౌరులుగా ఒప్పుకోవడానికి కోర్టుదాకా వెళ్లాల్సి వచ్చింది. అప్పటి చట్టం ప్రకారం తెల్లవాళ్లకీ, ఆఫ్రికా మూలాలున్నవాళ్లకీ మాత్రమే పౌరసత్వం. ఆర్మీనియన్లు ఆసియావాళ్లని ప్రభుత్వం వాదించింది. 1909లో బోస్టన్ కోర్టులో హల్లాజియన్ అనే ఆయనా మరో ముగ్గురూ గెలిచారు. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారని తేల్చింది. ఆ తీర్పు ఊతంగా ప్రభుత్వం మళ్లీ ఆర్మీనియన్ల మీదికి వెళ్లింది. ఆరెగన్‌లో కార్తోజియన్ అనే తివాచీల వ్యాపారి మీద కేసు. 1925లో ఆయన గెలిచాడు. ఒకే ప్రశ్న, రెండు జవాబులు. ఆర్మీనియన్లు ఓటర్లయ్యారు, ఇళ్లు కొన్నారు, కౌన్సిలుకి పోటీ చేశారు. మనవాళ్లకి అప్పటిదాకా వచ్చిన పౌరసత్వాలు కూడా ఊడబెరికారు. 1946లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. వాటర్‌టౌన్ తూర్పు వీధిలాంటిది 1920ల్లో మనవాళ్లకి బోస్టన్‌లో ఎందుకు లేదని ఎవరైనా అడిగితే నేను ఈ తీర్పుల సంగతే చెబుతాను.

ఊళ్లో తిరిగేవాళ్లకి ఒక అనుమానం వస్తుంది. నాలుగు అడుగులేస్తే వచ్చే దూరంలో రెండు అపొస్తలిక చర్చిలు ఎందుకు? మౌంట్ ఆబర్న్ వీధిలో సెయింట్ జేమ్స్, ఎల్టన్ అవెన్యూలో సెయింట్ స్టీఫెన్స్. ప్రార్థన ఒకటే, పాట ఒకటే, లిపి ఒకటే. ఆర్మీనియా రెండేళ్ల పాటు స్వతంత్రంగా ఉండి, 1920లో సోవియట్ పాలనలోకి వెళ్లింది. ఆ రెండేళ్ల నాటి మూడు రంగుల జెండాని గౌరవించాలా వద్దా అన్నదగ్గర జాతి చీలింది. 1933 జులైలో చికాగోలో ఆ జెండా తీస్తేగానీ సభలో మాట్లాడనన్నాడు అమెరికాలో ఆర్మీనియన్ చర్చికి పెద్ద అయిన ఆర్చ్‌బిషప్ తూరియన్. అదే ఏడు డిసెంబరు 24న న్యూయార్క్ చర్చిలో ప్రార్థన జరుగుతుండగా ఆయన్ని పొడిచి చంపారు. తొమ్మిదిమందికి శిక్షలు పడ్డాయి. ఆ కత్తి గాయం వాటర్‌టౌన్‌ని కూడా రెండుగా కోసింది. అన్నదమ్ముల పిల్లలు ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లలేదు. కూరగాయలు ఏ దుకాణంలో కొనాలన్నది కూడా పార్టీని బట్టే. మా ఇంటావిడ వాళ్లది సెయింట్ జేమ్స్ వైపు. స్నేహితురాలి పెళ్లికి రెండో వైపు చర్చికి వెళ్లడానికి తల్లిని బతిమాలి బతిమాలి, చివరికి వీధి అవతల నిలబడి చూసిందట. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు కుర్రకారుకి ఆ పట్టింపు లేదు, అన్ని విందుల్లోనూ కనబడతారు. మన సంఘాలు చీలినప్పుడల్లా నాకు వీధి అవతల నిలబడి పెళ్లి చూసిన ఆ అమ్మాయి గుర్తొస్తుంది.

పత్రికలూ రెండు వైపులా ఉన్నాయి. హైరెనిక్ 1899లో న్యూయార్క్‌లో మొదలై మరుసటి ఏడే బోస్టన్ వచ్చింది, 1980ల నుంచి మా బిగెలో అవెన్యూలోనే ఉంది. విలియం సరోయన్ తొలి కథలు కొన్ని అందులోనే, మారు పేరుతో వచ్చాయి. రెండో వైపు మిర్రర్ స్పెక్టేటర్, 1932 నుంచి. పత్రికలకన్నా నన్ను కదిలించినవి ఊరి పుస్తకాలు. ఊరు పోయాక, ఆ ఊరివాళ్లు పోగై చందాలేసుకుని, ఏ బావి ఎక్కడ, ఎవరి మల్బరీ తోట ఎక్కడ, ఎవరి ఇంటిపేరు ఎలా వచ్చింది అని రాసుకున్నారు. ఖర్‌పెర్త్ దగ్గర పర్చాంజ్ అనే పల్లె చరిత్ర 1938లో బోస్టన్‌లోనే అచ్చయింది. చూసి రాసుకోవడానికి ఊరు లేదు, గుర్తున్నదే ఆధారం. ఊరి చరిత్ర రాద్దామని కూర్చున్న నాకు అంతకన్నా పెద్ద గురువు దొరకలేదు.

ఇంటిపేర్ల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పాలి. చివర్న వచ్చే "యన్" అంటే ఫలానావారి తాలూకు అని. నజారియన్ వడ్రంగివారు. బోయజియన్ రంగులద్దేవారు. తెర్జియన్ అంటే కుట్టుపనివారు. తుర్కీలో తెర్జీ, మన దర్జీ ఒకే మాట, రెండూ పారశీకం నుంచి వచ్చినవే. తలుపు మీద పేరు చదివితే తాతముత్తాతల పని తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ప్రపంచంలో తొలి ఆర్మీనియన్ పత్రిక పుట్టింది ఆర్మీనియాలోనూ కాదు, ఇస్తాంబుల్‌లోనూ కాదు. 1794లో మన మద్రాసులో. హరుత్యున్ ష్మవోన్యన్ అనే అర్చకుడు నడిపిన అజ్దరార్. ఈ సంగతి కొత్తగా తెలిసి నేను పరుగున కిందికి దిగి ఆవిడకి చెబితే, "తెలుసు, ఆదివారపు బడిలో చెప్పారు" అంది. "మద్రాసు నీ ఊరికి దగ్గరేనా?" అని అడిగింది. రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగుతామన్నాను. ఆ రోజు నుంచి నన్ను చుట్టాలకి పరిచయం చేసేటప్పుడు మద్రాసు పేరు కలిపేది.

పెరుగు సంగతికి మళ్లీ వస్తాను. 1929లో ఇక్కడికి ఉత్తరాన ఆండోవర్‌లో రోజ్, సార్కిస్ కొలంబోసియన్ దంపతులు ఇంట్లో తోడేసిన మాద్జూన్‌ని అమ్మడం మొదలుపెట్టారు. అప్పటికి అమెరికా జనానికి పెరుగంటే తెలియదు. మిల్లు ఊళ్లలోని ఆర్మీనియన్లు, గ్రీకులు, లెబనాన్‌వాళ్లు కొనేవారు. ఇంటిపేరు పలకలేక జనం కుదిస్తే కొలంబో అయింది. నేను వచ్చిన కొత్తలో సూపర్ మార్కెట్లో కొన్న పెద్ద తెల్ల డబ్బా అదే. 1993లో జనరల్ మిల్స్ కొనుక్కుంది, 2010లో ఆపేసింది. మజ్జిగని వాళ్లు తాన్ అంటారు. ఉప్పేసి, చల్లగా. అల్లం, పచ్చిమిర్చి ఉండవు గానీ ఎండాకాలం మధ్యాహ్నం అదీ మజ్జిగే.

హుడ్ ఫ్యాక్టరీ 1969లో మూతబడింది. ఊరు మూతబడలేదు. 1965 వలస చట్టంతో తలుపులు తెరుచుకున్నాయి, 1975లో లెబనాన్ అంతర్యుద్ధం, 1979లో ఇరాన్ విప్లవం, 1990లో బాకూ అల్లర్లు, ఒక్కొక్కటీ ఒక్కో విడత మనుషుల్ని తెచ్చి దింపింది. ఇప్పుడు కూలిడ్జ్ స్క్వేర్ దగ్గర సెవాన్ బేకరీలోనూ, అరాక్స్ మార్కెట్లోనూ వినబడే మాటల్లో బేరూత్ యాసా, అలెప్పో యాసా, యెరెవాన్ యాసా కలిసిపోయి ఉంటాయి. శనివారం పొద్దున వెళ్లాలి. సన్నగా ఒత్తిన రొట్టె మీద కైమా, టమాటా, మిరపపొడి పూసి కాల్చిన లహ్మజూన్ దొంతర్లుగా కాగితంలో చుట్టి ఇస్తారు, రెండు రొట్టెలు పూసిన వైపులు కలిపి ముఖాముఖి పెట్టి. మావారు వాటిని ఆవకాయతో తింటారు. ఈస్టరు ముందు జడలా అల్లిన చోరెగ్ రొట్టె. డబ్బాల్లో మూడు రకాల గోధుమ రవ్వ, సన్నం నుంచి లావు దాకా. ఉప్మాకి నేను కొనేది మధ్య రకం. "పిలాఫ్‌కా?" అని అడిగే అమ్మాయికి ఏళ్ల తరబడి ఉప్మా ఎలా చేస్తానో చెబుతూనే ఉన్నాను.

మెయిన్ స్ట్రీట్‌లో ఒకప్పటి కూలిడ్జ్ బ్యాంకు భవనంలో ఆర్మీనియన్ మ్యూజియం ఉంది. 1971లో పక్క ఊరు బెల్మాంట్‌లో చర్చి నేలమాళిగలో మొదలైన సేకరణ అది. ఇప్పుడు ఇరవై అయిదు వేలకి పైగా వస్తువులున్నాయి. రాతప్రతులు, తివాచీలు, నాణేలు. నేను ఎక్కువసేపు నిలబడేది లేసుల దగ్గర. మారాష్, ఐన్తాబ్ ఆడవాళ్లు కుట్టిన పని. ఊరు విడిచి నడిచేటప్పుడు నగలు కాజేసేవాళ్లు ఉంటారు గానీ, సూదిపని మాత్రం చేతివేళ్లలో ఉంటుంది కదా.

ఆ వేళ్లలో ఉన్నది పిల్లలకి అందుతోందా? భాష సంగతిలో నాకు బెంగ ఉంది. ఇక్కడివాళ్లది పశ్చిమ ఆర్మీనియన్. ఆర్మీనియా దేశంలో మాట్లాడేది తూర్పు మాండలికం. పశ్చిమ మాండలికానికి సొంత నేల లేదు, దాన్ని యునెస్కో 2010లో ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో చేర్చింది. 1984 నుంచి సెయింట్ స్టీఫెన్స్ పక్కన ఒక బడి నడుస్తోంది. సాయంత్రం పిల్లలు బయటికి వస్తూ ఇంగ్లీషులోనే అరుచుకుంటారు, అమ్మమ్మలు ఆర్మీనియన్‌లో కేకేస్తారు. మా అమ్మాయి తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. ఆ గేటు ముందు నిలబడి ఉన్న ముసలమ్మల బాధ నాకు వేరే ఎవరూ చెప్పనవసరం లేదు.

2007 ఆగస్టులో మా ఊరి కౌన్సిలు, వివక్షకి వ్యతిరేకంగా ఒక జాతీయ సంస్థ నడిపే కార్యక్రమం నుంచి తప్పుకుంది. 1915 నాటి మారణకాండని జాతి నిర్మూలన అనడానికి ఆ సంస్థ ఒప్పుకోలేదన్నది కారణం. నిర్ణయం ఏకగ్రీవం. మా ఇంటావిడ ఆ రాత్రి మెట్లెక్కి పైకి వచ్చి ఆ సంగతి చెప్పి, కాసేపు కూర్చుని వెళ్లింది. 2019లో అమెరికా కాంగ్రెసు ఉభయసభలూ, 2021 ఏప్రిల్ 24న అధ్యక్షుడు బైడెన్ ఆ మాట అన్నారు. అప్పటికి ఆవిడ లేదు. 2017లో పోయింది.

 2022 వేసవిలో ఆవిడ కూతురు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. అప్పటికి మేము రెండు వీధుల అవతల సొంతింట్లోకి మారిపోయాం. ఆ కూతురు లెక్సింగ్‌టన్‌లో ఉంటుంది, అరవై దాటింది. తల్లి కాఫీ గిన్నె నాకివ్వడానికి వచ్చి, వంటింట్లో నిలబడి, చాలాసేపు తటపటాయించి అడిగింది: అమ్మ మాద్జూన్ మీ దగ్గర ఇంకా ఉందా? తన ఇంట్లోది ఎప్పుడో చచ్చిపోయిందట. ఆసుపత్రుల చుట్టూ తిరిగిన నెలల్లో తోడు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఫ్రిజ్‌లోంచి గిన్నె తీశాను. 1998 నుంచి వారానికి మూడుసార్లు తోడేస్తున్నది. ఇండియా వెళ్లినప్పుడు పక్కింటివాళ్లకిచ్చి వెళ్లి, వచ్చాక మళ్లీ తెచ్చుకున్నది. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ఊరగాయ సీసాలో నాలుగు చెంచాలు వేసి మూత బిగించి ఇచ్చాను. "వేలు ముంచి పది లెక్కపెట్టాలి, గుర్తుందా?" అన్నాను. ఆర్మీనియన్‌లో పది దాకా లెక్కపెట్టి చూపించింది. ఏడు దగ్గర కొంచెం ఆగింది. నేను అందించాను. సీసాని కారు ముందు సీట్లో నిలబెట్టి, చుట్టూ తువ్వాలు దోపి, బెల్టు పెట్టుకుని వెళ్లింది.